కొవ్వొత్తి ముందు సరళీ వరసలు పాడితే మంట ‘స’ దగ్గరే ఎందుకు వంగుతోంది?

లేటు_వయసు_సరిగమ | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. 42 ఏళ్లొచ్చాక పాట నేర్చుకోవడం మొదలెట్టాను, ఇంకా సరళీ వరసల దగ్గరే (స రి గ మ లు వరసగా పాడే మొదటి పాఠం), నవ్వకండి. మొన్న క్లాసులో మా టీచరు గారు ఒక మామూలు కొవ్వొత్తి వెలిగించి నా మూతికి జానెడు దూరంలో పెట్టి “దీని ముందు సరళీ వరస పాడమ్మా, మంట ఊగకూడదు” అన్నారు. ఇదేం పరీక్షరా దేవుడా అనుకుంటూనే మొదలుపెట్టాను. స అనగానే మంట అటు పడుకుంది. రి, గ పర్లేదు, కాస్త తలూపింది. మ కి అసలు కదల్లేదు. ప కి ఒక్కసారి ఉలిక్కిపడింది. ద కి కొంచెం, ని కి మళ్లీ శాంతం, పై స కి ఏకంగా కొండెక్కేసింది.

ఇంటికొచ్చి ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కారుతుంటే మళ్లీ చేశాను, మా ఆయన కరెంటు పోయిందేమో అనుకుని ఇన్వర్టర్ చూడ్డానికి వెళ్లారు. రిజల్ట్ మాత్రం అదే. నా డౌట్ ఏంటంటే మంట కదిలేది సౌండ్ వల్లా, గాలి వల్లా? గొంతు చించుకుని “ఆ...” అని సాగదీస్తే కదలట్లేదు, గుసగుసగా స అంటే మాత్రం వంగుతోంది. ఇంకోటి, అసలు ఇది పాటకి పనికొచ్చే పరీక్షేనా? టీచరు గారిని అడిగే ధైర్యం లేదు, అందుకే ఇక్కడ.

చిమ్నీ_బాబాయ్ | శనివారం రాత్రి 9:50

అమ్మా, ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఇలాంటి డౌట్ ఒక్క పిల్లాడూ అడగలేదండి నన్ను. ఆయ్.

మీ డౌట్‌లోనే జవాబు ఉంది. శబ్దం అంటే గాలి ఉన్నచోటే ముందుకీ వెనక్కీ ఊగడం, ఊయల లాగా. ఎంత ఊగినా ఊయల ఊరు దాటదు కదండీ. మీరు “ఆ” అన్నప్పుడు ఊగుడు వినపడేంత ఉంటుంది గానీ నోట్లోంచి బయటికొచ్చే గాలి చాలా నెమ్మది, పైగా నోరు బాగా తెరుచుకుని ఉంటుంది కాబట్టి అది విశాలంగా పరుచుకుని వస్తుంది. అదే స అన్నప్పుడు నాలుకకీ పంటికీ మధ్య సన్నటి సందు, గాలి అంతా ఆ సందులోంచి ధారలా దూసుకొస్తుంది. పైపు మూతికి వేలు అడ్డం పెడితే నీళ్లు దూరం కొట్టినట్టు. ప అయితే పెదాలు మూసి వెనక ఒత్తిడి పెంచి ఒక్కసారి వదులుతాం, అందుకే మంట ఉలిక్కిపడుతుంది, మళ్లీ లేస్తుంది. మ, న లకి నోటి దారి మూసేసి ముక్కులోంచి వదులుతాం, ముక్కు గాలి కిందికి పోతుంది, ఎదురుగా ఉన్న మంటకి దాని సంగతే తెలీదు.

అంటే మీ కొవ్వొత్తి శ్రుతిని చూడట్లేదు, లయని చూడట్లేదు, ఊపిరిని మాత్రం చూస్తోంది.

కరెంట్_పోయింది_బ్రో | శనివారం రాత్రి 10:05

బాబాయ్ సూపర్ చెప్పిన్రు. నాది చిన్న డౌట్. గాలికి క్యాండిల్ ఆరిపోతది సరే, గని బొగ్గులకు ఊదితె ఇంక ఎర్రగైతయి కదా? మా నానమ్మ పొయ్యిల గొట్టంతోని ఊదేది, మంట లేచేది. గాలి అదే, ఆక్సిజన్ అదే. మరి క్యాండిల్ ఏం పాపం చేసింది?

కుంపటి_కబుర్లు | శనివారం రాత్రి 10:31

ఇదే మాటని మన పెద్దోళ్లు శ్లోకంగా కట్టేశారు తమ్ముడూ. “వనాని దహతో వహ్నేః సఖా భవతి మారుతః, స ఏవ దీపనాశాయ కృశే కస్యాస్తి సౌహృదమ్”. అడవిని కాల్చే నిప్పుకి గాలి స్నేహితుడు, అదే గాలి దీపాన్ని చంపేస్తుంది, బక్కచిక్కినవాడికి స్నేహం ఎవరు చేస్తారు అని. మా నాన్న అప్పులు అడగడానికి వెళ్లొచ్చినప్పుడల్లా ఇది చదివేవాడు.

చిమ్నీ_బాబాయ్ | శనివారం రాత్రి 10:58

శ్లోకం అద్భుతం, సైన్సు కూడా కరెక్టే. బొగ్గు ఉన్నచోటే, తన ఒంటిమీదే కాలుతుంది. ఊదితే ఆక్సిజన్ అక్కడికే చేరుతుంది, కుప్ప మొత్తం వేడిగా ఉంటుంది కాబట్టి కాస్త చల్లారినా తట్టుకుంటుంది. కొవ్వొత్తిలో కాలేది వత్తీ కాదు, మైనం ముద్దా కాదు. మైనం కరిగి, వత్తిలోకి పాకి, ఆవిరై, ఆ ఆవిరి చుట్టూ ఉన్న గాలితో కలిసేచోట కాలుతుంది. గట్టిగా ఊదితే ఆ ఆవిరినే మంట నుంచి విడదీసి ఈడ్చుకుపోతాం, వేడి కూడా దాంతోటే పోతుంది. మంటకి ఇల్లే లేకుండా పోతుంది అన్నమాట. ఆరిపోయాక తెల్లటి పొగ దారంలా లేస్తుంది చూడండి, అది కాలకుండా మిగిలిపోయిన మైనం ఆవిరే. ఆ పొగకి పైన అగ్గిపుల్ల పెడితే మంట దారం పట్టుకుని కిందికి దిగి వత్తిని అంటుకుంటుంది. పిల్లలకి చూపించండి, చప్పట్లు కొడతారు.

ఫారడే మహానుభావుడు 1860–61 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకి ఒక్క కొవ్వొత్తి మీద ఆరు లెక్చర్లు ఇచ్చాడండి. ఆరు! మనకి సిలబస్‌లో అర పేజీ.

మౌనమే_బెటర్ | ఆదివారం ఉదయం 7:15

పొద్దున్నే చదివాను. సైన్సు బానే ఉంది కానీ ఈ “మంట కదలకూడదు” అనే దాంట్లో నాకు ఒక పాత కథ వాసన వస్తోంది. గీతలో “యథా దీపో నివాతస్థో నేంగతే” అని ఉంది, గాలి లేనిచోట పెట్టిన దీపం లాగా యోగి మనసు కదలకూడదు అని. అది ధ్యానానికి చెప్పిన మాట. దాన్ని తెచ్చి పాటకి అంటగట్టేసి “స్వరం దీపశిఖలా నిలవాలి” అని ప్రతి పాట మేస్టారూ చెప్పడం, మనం తలూపడం. వాళ్లెవరైనా నిజంగా దీపాన్ని చూశారా? ఇక తాన్‌సేన్ దీపక్ రాగం పాడితే దీపాలు వెలిగాయి అనే కథ సరేసరి. మన త్యాగరాజస్వామి “కళల నేర్చిన” అని దీపకం రాగంలోనే ఒక కీర్తన చేశారు, మా ఆవిడ అది రోజూ పాడుతుంది, ఇంతవరకూ మా గ్యాస్ స్టవ్ కూడా అంటుకోలేదు, లైటరే కావాలి.

వాయులీనం | ఆదివారం ఉదయం 8:40

మౌనం గారూ, పేరు అలా పెట్టుకుని ఇంత మాట్లాడితే ఎలాగండీ హహహ. కానీ మీ పాయింట్‌లో సగం నాది కూడా. నేను విజయవాడలో ఫిడేలు వాయిస్తాను, చెప్తాను. మన సంగీతంలో కదలని స్వరం ఎక్కడుందండీ? తోడి రాగంలో గాంధారాన్ని, అంటే గ స్వరాన్ని, ఊపకుండా గోడకి మేకు కొట్టినట్టు నిలబెట్టండి, అది తోడి అవుతుందా? శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరం అనే పాత సంగీత గ్రంథంలో 15 గమకాలు (స్వరాన్ని ఊపే పద్ధతులు) చెప్పాడు, కంపితం, ఆందోళితం, తిరిపం, స్ఫురితం అని, పేర్లలోనే ఊగుడు ఉంది. మరి దీపం నిశ్చలంగా ఉండాలి అంటే ఏ సంగీతానికి?

అయితే నిన్న రాత్రి ఈ త్రెడ్ చూసి ఊరుకోలేక మా అమ్మాయిని కూర్చోబెట్టాను. దేవుడి గదిలో ప్రమిద దీపం పెడితే మా ఆవిడ కేకలేసింది, సరే అని పుట్టినరోజు కొవ్వొత్తి దొరికింది. అమ్మాయి తోడి ఆలాపన, “అ”కారంలో, గాంధారం దగ్గర బాగా ఊపుతూ. మంట చూస్తే చిన్న వణుకు కూడా లేదు. అదే గాంధారం పట్టుకుని చివర్లో ఊపిరి అయిపోతుంటే గొంతు సడలి గాలి కలిసింది, అప్పుడు మంట జరజరా పక్కకి జరిగింది. చెవికి నాకు తేడా తెలిసేలోపే మంటకి తెలిసింది!

అంటే ఊగేది స్వరం, నిలవాల్సింది ఊపిరి. రెండిటినీ మనం కలిపేసి మాట్లాడుతున్నాం. మీ టీచరు గారు గమకం వద్దనలేదు అనుకుంటా.

లేటు_వయసు_సరిగమ | ఆదివారం ఉదయం 9:30

అయ్యో నాకు గమకం దాకా ఇంకా రాలేదండీ, సరళీ వరసే. కానీ మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. ఒక మాట, పుట్టినరోజు కొవ్వొత్తి మరీ సన్నం కదా, చిన్న గాలికే ఆరిపోతుంది, మీ అమ్మాయి నిజంగా గట్టిదే.

కుంపటి_కబుర్లు | ఆదివారం మధ్యాహ్నం 12:10

ఆడపిల్లలూ ఎవరైనా ఇది చేసేటట్టయితే జుట్టు ముడేసుకోండి, చున్నీ పక్కన పెట్టండి. ముందుకు వంగి పాడతాం తెలీకుండా. చెప్పడం నా ధర్మం.

ఇంకోటి, నేను తెలుగు టీచర్ని. ఈ కొవ్వొత్తిని నేను క్లాసులో ఒత్తులు పలికించడానికి వాడుకోబోతున్నా! “పలకం” అంటే మంట చిన్నగా ఉలికిపడాల, “ఫలకం” అంటే బాగా వంగాల. కంప, ఖండం. తల, థళథళ. ఒత్తు అక్షరాలకి పెట్టిన మహాప్రాణం అనే పేరులోనే ప్రాణం అంటే ఊపిరి ఉంది కదా, పేరు పెట్టినోళ్లు ఎంత తెలివైనోళ్లో. మా పిల్లోళ్లు “ధనం”ని “దనం” అంటారు, ఫ ని పళ్లు పెదవికి ఆనించి ఇంగ్లీషు ఎఫ్ లాగా లాగుతారు. మంట అయితే మొహమాటం లేకుండా చెప్పేస్తుంది.

వాయులీనం | ఆదివారం మధ్యాహ్నం 12:45

అక్కా, అయితే ద సంగతి కూడా తేలిపోయింది. ద స్వరం పూర్తి పేరు దైవతం కాదు, అసలు ధైవతం, ఒత్తు ధ. సౌకర్యంగా పాడేవాళ్లు ద అంటారు, పట్టింపు ఉన్నవాళ్లు ధ అంటారు. సరిగమ గారికి “కొంచెం” వంగింది అంటే ఆవిడ మధ్యలో ఎక్కడో ఉన్నారు.

డల్లాస్_దోసె | ఆదివారం రాత్రి 8:20

మాది గుంటూరు, చిన్నప్పటి నుంచి చర్చి క్వయర్. ఈ త్రెడ్ చూస్తే డిసెంబర్ 24 రాత్రి గుర్తొచ్చింది. లైట్లన్నీ ఆపేసి ఒక్క కొవ్వొత్తి నుంచి పక్కవాళ్లది, అక్కడి నుంచి పక్కవాళ్లది. మాకు ఒక రూల్ ఉండేది, వెలిగిన కొవ్వొత్తి వంచకూడదు, వెలగనిదే వంచి అంటించుకోవాలి, లేదంటే కరిగిన మైనం పక్కవాళ్ల చేతి మీద. పేపర్ కప్పు అడుగున కన్నం పెట్టి అందులోంచి కొవ్వొత్తి దూర్చేవాళ్లం, చేతికి మైనం కారదు, గాలి కూడా అడ్డుతుంది. ఫ్యాన్లు ఆపేస్తారు కాబట్టి వందలమంది ఊపిరి తప్ప వేరే గాలి ఉండదు. అందరూ కలిసి “స” తో మొదలయ్యే పదం పాడితే హాల్ మొత్తం ఒక్కసారి మినుక్కుమనేది, నేను అది మహిమ అనుకునేదాన్ని, ఇన్నేళ్లకి బాబాయ్ గారు విప్పేశారు, థాంక్స్ అనాలో కోప్పడాలో తెలీట్లేదు.

కొవ్వొత్తీ సంగీతం అంటే నాకు ఎప్పుడూ ఆస్ట్రియా సంగీతకర్త హైడన్ 45వ సింఫనీయే. 1772. ఆయన ఎస్టర్‌హాజీ ప్రిన్స్ దగ్గర కొలువు, ఇప్పటి హంగరీలో వేసవి ప్యాలెస్. ప్రిన్స్ గారు ఎంతకీ ఊరికి కదలట్లేదు, వాద్యగాళ్ల పెళ్లాం పిల్లలేమో ఐజెన్‌స్టాట్ ఊళ్లో. డైరెక్టుగా సెలవు అడగలేరు కదా. అందుకని హైడన్ చివరి భాగాన్ని ఎలా రాశాడంటే, ఒక్కొక్కరి వంతు అయిపోగానే తన స్టాండ్ మీద కొవ్వొత్తి ఆర్పేసి లేచి వెళ్లిపోవాలి. ఒబో వెళ్లిపోయింది, హార్న్ వెళ్లిపోయింది, బాస్ వెళ్లిపోయింది. ఆఖరికి మ్యూట్ పెట్టి చప్పుడు తగ్గించిన రెండు వయొలిన్లు, రెండు దీపాలు. ప్రిన్స్‌కి అర్థమైపోయి మర్నాడే అందరూ బయల్దేరారని చెప్తారు.

నేను ఇక్కడ ఒకసారి లైవ్‌లో చూశాను, కొవ్వొత్తులు కాదు, స్టాండ్ లైట్లు, స్విచ్ నొక్కి వెళ్లిపోతున్నారు. ఏదో తక్కువైంది. ఊదితే వచ్చే ఆ చిన్న పొగ లేదు.

కరెంట్_పోయింది_బ్రో | ఆదివారం రాత్రి 9:05

అక్కా హెచ్‌ఆర్‌కి మెయిల్ కొట్టకుండ సింఫనీ కొట్టిండన్నట్టు. మస్తుంది.

నేను ఇంకోటి ట్రై చేసిన. ఆడియో వద్దు, గాలి వద్దు, రెండు మంటలు పక్కపక్కన పెడితె ఏమైతది అని. ఒక్క క్యాండిల్ గాలి లేకపోతె కదలకుండనే ఉంటది. గని మూడు క్యాండిళ్లు ఒక్కటిగ అంటిస్తె మంట పెద్దగై దానంతటదే ఎగురుడు మొదలుపెడతది, సెకనుకు పది సార్ల లెక్క. కన్నుతోని సరిగ దొరకది, ఫోన్ల స్లో మోషన్ పెట్టి చూడాలె. గట్ల మూడేసి కట్టలు రెండు చేసి దగ్గర పెట్టిన. రెండూ ఒక్కసారే లేస్తున్నయి, ఒక్కసారే పడుతున్నయి! కొంచెం దూరం జరిపిన, ఇప్పుడు ఇది లేస్తే అది పడుతది, అది లేస్తే ఇది పడుతది. ఇంక దూరం జరిపితే ఎవరి లోకం వాళ్లది. జపానోళ్లు దీని మీద 2009ల పేపర్ రాసిన్రు, నేను కొత్తగ కనిపెట్టింది కాదు. మా అమ్మ “క్యాండిళ్లన్ని ఒడగొట్టినవ్, రేపు కరెంట్ పోతె నీ ఫోన్ వెలిగిస్తవా” అన్నది.

వాయులీనం | ఆదివారం రాత్రి 9:40

తమ్ముడూ ఇది చదివి లేచి నిలబడ్డాను! జుగల్బందీలో సరిగ్గా ఇదే. పక్కపక్కన కూర్చుంటే ఇద్దరి విల్లూ తెలీకుండానే ఒకేసారి పైకీ కిందికీ. కాస్త ఎడం ఉంటే ఒకరు వదిలింది ఇంకొకరు అందుకుంటారు. మరీ దూరం కూర్చోబెట్టి మానిటర్లు పెట్టే స్టేజీల మీద మాత్రం... చెప్పను, ఆర్గనైజర్లు ఈ ఫోరం చూస్తారు.

మౌనమే_బెటర్ | ఆదివారం రాత్రి 10:02

రెండు మంటలకి ఒకదాని పాట ఒకటి వినిపించదు కదండీ. కవిత్వం ఎక్కువైంది.

చిమ్నీ_బాబాయ్ | ఆదివారం రాత్రి 10:30

వినిపించదండి, కానీ ఒకదాని వేడిగాలి ఇంకోదానికి తగులుతుంది, పైకి లేచే గాలి సుడులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. వినడం కాదు గానీ తెలియడం మాత్రం ఉంది.

అసలు మంటలకి సంగీతం “వినిపించిన” సంగతి ఒకటి ఉంది. జాన్ లెకాంట్ అని అమెరికన్ సైంటిస్టు 1858లో రాశాడు. ఒక సాయంత్రం ఎవరింట్లోనో బీథోవెన్ ట్రియోలు వాయిస్తున్నారు, గోడకి గ్యాస్ దీపాలు. చెల్లో వాయిస్తుంటే మంట ఎగరడం చూశాడు, ట్రిల్స్ (రెండు స్వరాల మధ్య గబగబా ఊగడం) కూడా మంట మీద కనపడ్డాయిట, చెవిటివాడు కూడా సంగీతం చూడొచ్చు అని రాసుకున్నాడు. గ్యాస్ ప్రెషర్ ఎక్కువై మంట ఇంక చెదిరిపోతుందా అన్న అంచున ఉన్నప్పుడే అలా అవుతుంది, అప్పుడు చిన్న ఊగుడు చాలు. తర్వాత టిండాల్ అని ఇంకో సైంటిస్టు ఇలాంటి మంటలే పెట్టి లెక్చర్లలో ఆడించాడు. వాటికి ఏ శబ్దం బాగా తగులుతుందో చెప్పనా? తాళంచెవుల గలగల, బుస కొట్టే “స్...”.

కానీ సరిగమ గారి స వేరు, టిండాల్ స వేరు, కంగారు పడకండి. అక్కడ దూరం నుంచి వచ్చిన శబ్దమే మంటని చెదరగొట్టింది. ఇక్కడ జానెడు దూరంలో మీ నోటి గాలి. చెక్ చేయాలంటే మూతికీ కొవ్వొత్తికీ మధ్య ఒక నోటుబుక్ అడ్డం పెట్టి స అనండి. చప్పుడు అటు వెళ్తుంది, గాలి వెళ్లదు. గుండ్రటి సీసా మాత్రం పెట్టకండి, గాలి సీసాని చుట్టుకుని వెనక మళ్లీ కలిసి మంటని ఆర్పేస్తుంది, దాని వెనక దాక్కున్నా లాభం లేదు.

కుంపటి_కబుర్లు | సోమవారం ఉదయం 6:50

బాబాయ్ గారూ, మీ పేరు చిమ్నీ కదా, చిమ్నీ గురించి ఒక్క ముక్కా చెప్పలేదే!

చిమ్నీ_బాబాయ్ | సోమవారం ఉదయం 7:30

మా నాన్నగారు రోజూ సాయంత్రం లాంతరు గాజు బూడిదతో తుడిపించేవారు నాచేత, ఆ పేరు అందుకొచ్చింది. అందరూ గాజు అంటే గాలి ఆపడానికే అనుకుంటారు. అదొక్కటే కాదండి. గొట్టంలో వేడిగాలి నిటారుగా లేచి కింద నుంచి కొత్త గాలిని గట్టిగా లాగుతుంది, అందుకే గాజు పెట్టగానే మంట నిలబడి తెల్లగా వెలుగుతుంది, పొగ తగ్గుతుంది. హరికేన్ లాంతరుకి రెండు పక్కలా గొట్టాలు ఉంటాయి చూడండి, అవి పట్టుకోడానికి కాదు, గాలి పైనుంచి వాటిల్లోకి దూరి కిందికి మంట దగ్గరికి చేరుతుంది. విసురుగాలి వచ్చినా లోపలికెళ్లే దారి మీదా బయటికొచ్చే దారి మీదా ఒకేలా తోస్తుంది కాబట్టి మంటకి పెద్ద తేడా రాదు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అనకుండా ఎవరో కూర్చుని ఆలోచించారు.

నిశ్చలంగా కనిపించే మంట కూడా ఆగి ఉండదండి మౌనం గారూ. కింద నుంచి గాలి, వత్తి నుంచి ఆవిరి, పైకి వేడి, క్షణం ఆగదు. ఆ పైకి లేవడం వల్లే మల్లెమొగ్గ ఆకారం. అంతరిక్షంలో బరువు లేనిచోట వెలిగించి చూశారు, రష్యా వాళ్ల మీర్ అంతరిక్ష స్టేషన్‌లో కూడా, అక్కడ పైకీ కిందికీ లేదు కాబట్టి మంట గుండ్రంగా, నీలంగా, బుడగలా ఉంటుంది.

మౌనమే_బెటర్ | సోమవారం ఉదయం 8:05

సరే. ఇది నచ్చింది. గీతని వెనక్కి తీసుకోను గానీ మేస్టార్ల మీద అన్నది కాస్త తగ్గించుకుంటా.

లేటు_వయసు_సరిగమ | మరుసటి శనివారం రాత్రి 9:25

క్లాస్ అయ్యింది, ధైర్యం చేసి అడిగేశాను. ఇక్కడ మీరందరూ చెప్పింది కూడా చెప్పాను, నోటుబుక్ పెట్టి చేసిందీ చెప్పాను (బాబాయ్ గారూ మీరు కరెక్ట్, పుస్తకం అడ్డం పెడితే చీమ కుట్టినట్టు కూడా లేదు మంటకి). టీచరు గారు నవ్వారు. “స కి వంగకపోతే నువ్వు స పలకలేదని అర్థం. వంగనీ. వంగాక ఎంతసేపట్లో లేచి నిలబడుతుందో చూడమన్నాను, నువ్వు వంగిందే చూస్తున్నావు” అన్నారు.

అప్పుడు చూశాను. స్ అనగానే పడుతుంది, ఆ వెంటనే వచ్చే “అ” లో గాలి కలవకపోతే టక్కున లేస్తుంది. నాది లేవట్లేదు, ఎందుకంటే నేను స ని “సహ” లాగా ఊపిరి కారుస్తూ సాగదీస్తున్నాను. అందుకే నాలుగో స్వరానికే ఆయాసం కూడా. వారం రోజులు స ఒక్కటే చేశాను. మొదట్లో రెండు అక్షర కాలాలు పట్టేది మంట లేవడానికి, నిన్న ఒక్కటి లోపే.

వాయులీనం | శనివారం రాత్రి 9:41

శభాష్! మీ టీచరు గారికి నా నమస్కారం చెప్పండి. మా అమ్మాయికి రేపు ఇదే.

కరెంట్_పోయింది_బ్రో | శనివారం రాత్రి 9:44

ఇంతకీ క్యాండిల్ ఎంత మిగిలింది అక్కా?

లేటు_వయసు_సరిగమ | శనివారం రాత్రి 9:52

బొటనవేలంత. మా ఆయన డజను ప్యాకెట్ తెచ్చారు, తర్వాతి పాఠం జంట స్వరాలకి సరిపోతాయా అని అడుగుతున్నారు. ఫ్యాన్ వేసుకోవచ్చా అని కూడా.